తేటమ్మ తొట్టి

సముద్రపు గుల్లలు కడిగి ఒలిచే షెడ్డులో నలభై మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. నలభై మందీ ఒప్పుకునే మాట ఒకే ఒక్కటి, తేటమ్మ కడిగిన గుల్లలో ఇసక రేణువు దొరకదని. మిగతా అన్నిటికీ తగువే. కిటికీ పక్క బల్ల ఎవరిది, చాకు ఎవరు మార్చేశారు, ఎవరి మొగుడు ఎక్కువ పనికిమాలినవాడు, ఇవన్నీ ఏళ్ళ తరబడి తేలని తగువులు. తేటమ్మ తొట్టి దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరి నోళ్ళూ మూతపడతాయి. అడుగున సూది పడినా కనిపించేంత తేటగా ఉంటాయి ఆ నీళ్ళు. ఆవిడకి ఆ పేరు అలాగే వచ్చింది. అసలు పేరు మేస్త్రి పుస్తకంలో ఉంటే ఉండొచ్చు, ఆవిడ మొగుడికైనా గుర్తుందో లేదో చెప్పలేం.

సముద్రం వెనక్కి తగ్గిన వేళ తవ్వి తెచ్చిన గుల్లల్ని ఉప్పునీళ్ళ తొట్టిలో ఒక పూట వదిలేస్తే చాలనేది పాతకాలం పద్ధతి. గుల్ల నోరు తెరిచి నీళ్ళు పీల్చుకుంటుంది, లోపలున్న ఇసక కక్కుతుంది. తేటమ్మకి అది ఆనలేదు. రెండు రోజులు నానబెట్టడం ఆవిడే మొదలుపెట్టింది. చిరిగిన నీలం వలని రెండు బారలు కొలిచి కోసి, ముద్దగా చుట్టి, ఆ పీచుతో గుల్లల్ని నీళ్ళలోనే రాసేది, చంటిపిల్లకి వీపు తోమినట్టు. పూటపూటకీ నీళ్ళు మార్చేది. కక్కిన ఇసక మళ్ళీ పీల్చకుండా తొట్టి అడుగున కూడా వల మడతలు పరిచేది. ఒక్కొక్కరే వచ్చి చూసి నేర్చుకున్నారు. మేస్త్రి కూడా మురిసిపోయి, పాత వలలు మోపులు మోపులుగా తెప్పించి షెడ్డు మూల వేయించాడు.

నేర్చుకోనిది ఒక్కతే. ఆవిడ తేటమ్మకి స్వయానా తోడికోడలు. గుల్లలు తొట్టిలో పోసేసి, గట్టెక్కి కాళ్ళు చాపుకుని కబుర్లు చెప్పే రకం. అందరూ ఇసకమ్మ అనేవాళ్ళు. అన్నా పట్టించుకునేది కాదు. "ఇసకలో బతికేదానికి ఇసక అంటదా అక్కా, ఈసారి బంగారం తింటున్నవి చూసి తవ్వుకొస్తాలే" అనేది.

రోజూ పొద్దున్నే మేస్త్రి ఒక్కో బుట్టలోంచి ఒక్కో గుల్ల తీసి ఉడికించి కొరికి చూస్తాడు. పంటికింద కరకరమంటే ఆ బుట్ట పక్కకి పోవాల్సిందే. ఇసకమ్మ బుట్ట వారానికి రెండుసార్లయినా పక్కకి పోయేది. తేటమ్మ బుట్టని ఆయన కొరకడమే మానేశాడు. చెయ్యి ఊపి లోపలికి పంపించేస్తాడు. తేటమ్మకి కూలీ కన్నా ఆ చెయ్యి ఊపడమే ఎక్కువ.

ఆ సోమవారం మేస్త్రి కొరకలేదు, చెయ్యీ ఊపలేదు. చేతిలో ఉత్తరం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"కొనే కంపెనీ నుంచి ఆరు పెట్టెలు తిరిగొచ్చాయి," అన్నాడు. "గుల్లల్లో ప్లాస్టిక్ దారాలున్నాయట. కంటికి ఆనవట, అద్దం కింద పెడితే కనిపించాయట. ఎవరి సరుకో తేల్చి, వాళ్ళని తీసేసి, రాసి పంపమన్నారు. పంపకపోతే షెడ్డుకి తాళమే."

చాకులు ఆగిపోయాయి. మేస్త్రి తేటమ్మ వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు తేటమ్మా. ఎవరి సరుకులో మురికుందో నీకన్నా ఎవరికి తెలుసు?"

తెలియదంటే పోయేది. కానీ నలభై మందిలో తనని ఒక్కదాన్నే పిలిచి అడిగితే తెలియదనే అలవాటు ఆవిడకి లేదు.

"బట్టల రంగుల కార్ఖానా కాలవ ఎక్కడ పడుతుందో అందరికీ తెలుసు," అంది, చేతులు తుడుచుకుంటూ. "ఆ కాలవ పక్కన తవ్వేదెవరో తెలుసు. తెచ్చినదాన్ని శుభ్రంగా కడగనిదెవరో కూడా తెలుసు. నన్ను పేరు చెప్పమనకు."

పేరు చెప్పనవసరం లేకపోయింది. తలలన్నీ ఒకేసారి తిరిగాయి. మేస్త్రి ఇసకమ్మ బుట్టని రెండు చేతులా ఎత్తి, బయటికి నడిచి, తారు రోడ్డు మీద బోర్లించాడు. గుల్లలు టపటపా రాలి అటు గట్టు దాకా దొర్లాయి. రేపటినుంచి రానక్కర్లేదన్నాడు.

ఇసకమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఆవిడ నోటి ధాటి తెలిసినవాళ్ళు తిట్లకి సిద్ధపడి చూశారు. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, రోడ్డు మీద గొంతుక్కూర్చుని గుల్లలు ఏరుకుంది. పగిలినవి ఒక పక్క, బాగున్నవి బుట్టలోకి. "ఉరుము ఉరిమి మంగలం మీద పడింది," అని ఎవరో గొణిగారు. తేటమ్మ తల వంచుకుని చాకు తీసుకుంది. ఉన్నమాటే అన్నాను కదా అని తనకి తనే చెప్పుకుంది.

అయినా ఇంటికెళ్తే మరిది మొహం చూడాలి. పక్క పక్క గుమ్మాలాయె. నోటిమాటగా కాక కాగితం మీద రుజువుంటే బాగుంటుందనిపించింది. మర్నాడు పని దిగాక ఐసు దుకాణం మేడ మీదికి ఎక్కింది.

ఆ మేడ మీద గదిలో పరీక్షల పిల్ల ఉంటుంది. కాలేజీలో చదువుకుంటూ, గుల్లల మీద ఏదో రాయడానికి మూడు నెలలుగా ఇక్కడ మకాం పెట్టింది. షెడ్డులో ప్రతి ఒక్కరి దగ్గరా పిడికెడు గుల్లలు అడిగి గాజు సీసాల్లో పట్టుకెళ్ళేది. "వండుకోవడం చేతకాదు గానీ సీసాల్లో దాచుకుంటుంది" అని ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

"మా తోడికోడలి గుల్లల్లో ఏముందో కాగితం మీద రాసియ్యమ్మాయ్," అంది తేటమ్మ గుమ్మంలోంచే. "నావి కూడా పక్కన పెట్టి రాయి. తేడా తెలియాలి."

"ముందు ఇది తొడుక్కో పెద్దమ్మా," అంటూ ఆ పిల్ల ఒక తెల్ల నూలు కోటు అందించింది. "నీ చీర నైలాను. దారాలు రాలతాయి."

"నా చీర మీద నీకు కన్నెందుకే," అంటూనే తొడుక్కుంది. భుజాల దగ్గర పట్టలేదు. అద్దంలో చూసుకుంటే కాంపౌండరులా ఉన్నాననిపించి నవ్వొచ్చింది.

ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. గుల్ల కండని ఒక ద్రావకంలో వేస్తే కండంతా కరిగిపోతుంది. ప్లాస్టిక్ కరగదు. ఆ నీళ్ళని గుండ్రటి కాగితం మీద వడకడితే మిగిలింది కాగితం మీద ఉండిపోతుంది. ఇద్దరివీ పోయిన వారం తీసుకున్న సీసాలే, వడకట్టి సిద్ధంగా ఉన్నాయి. మొదట ఇసకమ్మ కాగితాన్ని మైక్రోస్కోపు కింద పెట్టింది.

తేటమ్మ ఒక కన్ను మూసి చూసింది. ఇసక రేణువులు బెల్లం గడ్డల్లా కనిపించాయి. వాటి మధ్య నల్లటి దారం ముక్క, ఇంకోటి, అటు చివర ఎర్రది ఒకటి.

"మూడు," అంది ఆ పిల్ల. "ఈ రోజుల్లో ఏ సముద్రంలో తీసినా ఈపాటి ఉంటున్నాయి."

"మూడా? కాలవ పక్కది కదా?"

"నేనూ ఎక్కువే ఉంటాయనుకున్నాను. ఇప్పుడు నీది చూడు."

రెండో కాగితం పెట్టింది. ఒక్క ఇసక రేణువు లేదు. ముందది చూసి తేటమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత నీలం కనిపించింది. మెలికలు తిరిగిన నీలం దారం. దాని పక్కన ఇంకోటి. కాగితం జరిపేకొద్దీ నీలం, నీలం, నీలం. కొన్ని వెంట్రుకంత సన్నం, కొన్ని చివర చీలి పీచులు లేచినవి. కన్ను తీసి, నలుపుకుని, మళ్ళీ పెట్టింది. అవి అక్కడే ఉన్నాయి.

"ముప్పై ఏడు," అంది ఆ పిల్ల మెల్లగా. "షెడ్డు మొత్తంలో నీవే ఎక్కువ పెద్దమ్మా. చెప్పాలో వద్దో తెలియక ఊరుకున్నాను."

తేటమ్మ కన్ను తీసింది. "సీసాలు తారుమారు చేశావు," అంది.

"నా చేతిరాత నమ్మనని సీసా మీద నీ గుర్తు నువ్వే గీశావు కదా."

సీసా తెచ్చి చూపించింది. మేకుతో గీసిన మూడు అడ్డగీతలు. అవి తేటమ్మ గీతలే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది ఆవిడ పని.

"అయితే ఆ రోజు తొట్టికేదో అయ్యుంటుంది," అంది కోటు విప్పేసి. "మళ్ళీ తెస్తాను. ఈసారి చూద్దువుగాని."

మర్నాడు తెల్లారుతూనే కాలవకి ఎంతో దూరాన ఉన్న దిబ్బ దాకా నడిచి, తనే తవ్వి తెచ్చింది. తొట్టి ఖాళీ చేసి కడిగింది. అడుగున కొత్త మడతలు పరిచింది. కొత్త పీచు కోసింది. పూటకోసారి రాసేది పూటకి నాలుగుసార్లు రాసింది. ఒక్కో గుల్లనీ చేతిలోకి తీసుకుని బోర్లా, వెల్లకిలా, నోటి అంచున, వీపు గరుకు మీద తోమింది. రెండు రోజులకి అరచేతుల్లో బొబ్బలు లేచి చితికాయి. ఉప్పునీళ్ళు తగిలి భగ్గుమంటే పళ్ళు బిగబట్టింది. షెడ్డు ఆడవాళ్ళు చూసి, "తేటమ్మకి ఏదో పూనింది" అనుకున్నారు. ఇంటికెళ్తుంటే రోడ్డు మలుపులో ఇసకమ్మ బుట్ట పెట్టుకుని కూర్చుని కనిపించేది. ఎవరూ కొంటున్నట్టు లేదు. తేటమ్మ ఆ పక్కకి తల తిప్పేది కాదు.

శుక్రవారం పొద్దున్న సీసా ఇచ్చి, శనివారం సాయంత్రం మళ్ళీ మేడెక్కింది. ఈసారి అడక్కుండానే కోటు తొడుక్కుంది.

ఆ పిల్ల మొహం చూస్తేనే అర్థమైంది. అయినా కన్ను పెట్టి చూసింది. పోయినసారి కాగితం మీద వెతికితే కనిపించేవి. ఈసారి వెతకాల్సిన పని లేకపోయింది.

"ఎనభై రెండు," అంది ఆ పిల్ల. "నాకూ అంతు పట్టట్లేదు పెద్దమ్మా. దిబ్బ దగ్గర నీళ్ళు చూశాను, కాలవ నీళ్ళూ చూశాను. వాటిలో ఈ నీలం లేదు. తొట్టిలో నువ్వేం చేస్తావో ఒకసారి చెప్పు."

"ఏం చేస్తాను? కడుగుతాను," అంది తేటమ్మ. "ముప్పై ఏళ్ళుగా కడుగుతున్నాను. నన్నే దొంగని చేస్తున్నావా?"

సమాధానం వినకుండా మెట్లు దిగింది. రెండు మెట్లు మిగిలుండగా కోటు ఇంకా ఒంటిమీదే ఉందని తెలిసి, అక్కడే విప్పి కటకటాలకి తగిలించింది.

ఇంట్లో కూతురు వసారాలో కూర్చుని తన తొమ్మిది నెలల పిల్లకి గుల్లలు ఉడికించిన నీళ్ళు చెంచాతో పడుతోంది. ఆ మనవరాలికి ఆరో నెల వచ్చిన రోజున మొదటి చెంచా నోట్లో పెట్టింది తేటమ్మే. తన చేతి గుల్లలే, అందులోనూ మూడో రోజు దాకా కడిగినవి విడిగా తీసి. ఒంటికి బలమని షెడ్డంతా చెప్పుకుంది. పిల్ల నోరు తెరిచి, చాలక చెంచా పట్టుకుని లాగుతోంది.

"వచ్చావా అమ్మా," అంది కూతురు. "పెరట్లో నీ పాత పీచు చూశాను. చేటంత ఉండేది పిడికెడు కూడా లేదు, అరిగిపోయింది. కొత్తది కోసి పెట్టాను."

తేటమ్మ పెరట్లోకి నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది.

తీగ మీద రెండు పీచులు పక్కపక్కన వేలాడుతున్నాయి. రెండూ రెండేసి బారలు కొలిచి కోసినవే. కొత్తది రెండు చేతుల్లోకీ పట్టనంత ఉంది. పోయిన నెలది గుప్పిట్లో ఇమిడిపోయింది. కొసలు పీచులు పీచులుగా లేచి ఉన్నాయి. వెలుగుకి ఎత్తి చూసింది. నీలం, మెలికలు తిరిగి, చివర చీలి. ఇందాక అద్దం కింద చూసింది ఇదే.

నెలకో పీచు అరిగేది. అరిగితే ఇంకోటి కోసుకునేది. అరిగింది ఎక్కడికి పోయిందని ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు అనుకోలేదు. సబ్బు అరిగితే నీళ్ళలో కలుస్తుందని పసిపిల్లకి కూడా తెలుసు. గుల్ల గరుకు వీపు మీద నైలాన్ వల రాసిందే రాస్తూ ఉంటే, ఆ నూగంతా ఆ నీళ్ళలోనే పడింది. ఆ నీళ్ళనే గుల్లలు నోరు తెరుచుకుని పీల్చుకున్నాయి. ఎంత కడిగితే అంత పెట్టింది. కంచే చేను మేసింది.

ఒక్క ఉదుటున వసారాలోకి పరిగెత్తింది. చెంచా పిల్ల నోటి దగ్గరుంది. చేత్తో కొట్టింది. చెంచా గోడకి తగిలి పడింది, గిన్నె ఒలికింది. పిల్ల బిత్తరపోయి గుక్కపట్టింది.

"అమ్మా, నీకేమైనా పిచ్చా?" అంది కూతురు.

తేటమ్మ కొంగు వేలికి చుట్టుకుని పిల్ల నోరు తుడవబోయింది. కొంగు నైలాన్ అని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. దేనితో తుడవాలో తోచక అలాగే నిలబడిపోయింది.

సోమవారం అందరికన్నా ముందు మేస్త్రి బల్ల ముందు నిలబడి రెండు పీచులూ పక్కపక్కన పెట్టింది. దాచకుండా అంతా చెప్పింది. మేస్త్రి కొత్త పీచు ముట్టుకున్నాడు, పాత పీచు ముట్టుకున్నాడు. అర్థం కాక కాదు, ఆయన మొహంలోనే తెలిసింది అర్థమైందని.

"ఉత్తరం మంగళవారమే వెళ్ళిపోయింది తేటమ్మా," అన్నాడు. "కాలవ పక్క తవ్వే మనిషి తప్పు, తీసేశాం అని రాశాను. వాళ్ళూ సరే అన్నారు. ఇప్పుడు వలలది తప్పంటే, ఆ వలలు తెప్పించిందెవరు? నేను."

"మరి దాని బుట్ట?"

"ఏదో ఒక బుట్ట పోవాల్సిందే కదా. ఊరుకో. నీ మీదికి రాలేదు, సంతోషించు."

తొట్ల వరస దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కరికీ చెప్పింది. పీచు పారేయమంది, మడతలు తీసేయమంది. మొదట ముక్కున వేలేసుకున్నారు. తర్వాత ఒకావిడ, "బాగుంది. ఇది నేర్పిందెవరు? చేతులు పట్టుకుని రాయించలేదూ నువ్వు?" అంది. ఇంకొకావిడ, "మేమూ నీ అంత తేటగా చేసేసరికి కన్ను కుట్టినట్టుంది," అని నవ్వింది. తేటమ్మ ఒక తొట్టిలో చెయ్యి పెట్టి వల లాగబోతే, ఆ తొట్టి మనిషి మణికట్టు పట్టుకుని మెల్లగా తీసేసింది. ఆవిడకే తేటమ్మ అందరికన్నా ముందు నేర్పింది.

తన తొట్టిలో వల మాత్రం తీసేసింది. ఆ రోజు గుల్లల్ని ఒక్క పూట నానబెట్టి, చేత్తో కడిగి ఊరుకుంది. నీళ్ళ అడుగున ఇసక తెరలా పేరుకుంది. మంగళవారం పొద్దున్న బుట్ట ఎత్తుకుని వరసలో నిలబడింది.

మేస్త్రి అలవాటుగా చెయ్యి ఊపబోయాడు. బుట్ట అడుగు చూసి ఆగాడు. గుల్ల ఒకటి తీసి, ఉడికించి, కొరికాడు. కరక్కుమన్న చప్పుడు వరసలో చివర నిలబడ్డవాళ్ళకి కూడా వినపడింది. ఆయన ఉమ్మేసి, నోరు తుడుచుకున్నాడు.

"ఇసక పంటికి తెలుస్తుంది తేటమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వు చెప్పే దారం ఎవడి పంటికీ తెలియదు. మళ్ళీ పీచు పట్టు. పంపించేస్తాను."

తేటమ్మ తల అడ్డంగా ఊపింది.

వెనక వరస చూస్తోంది. మేస్త్రి బుట్ట రెండు చేతులా ఎత్తి, బయటికి నడిచి, తారు రోడ్డు మీద బోర్లించాడు.

తేటమ్మ కుచ్చిళ్ళు ఎగదోపుకుని గొంతుక్కూర్చుంది. అరచేతుల్లో బొబ్బలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. నాలుగు గుల్లలు ఏరిందో లేదో, పక్కన ఇంకెవరో కూర్చున్నట్టయింది. గట్టు దాకా దొర్లిన గుల్లల్ని ఒక చెయ్యి వెనక్కి తోస్తోంది.

"పగిలినవి కలపకక్కా," అంది ఇసకమ్మ. "బాగున్నవి కూడా పాడైపోతాయి."

తేటమ్మ పగిలినది ఒకటి తీసి పక్కన పెట్టింది. "నీ బుట్ట పోయించింది నేనే," అంది.

"తెలుసు. అన్ని తలలు తిరిగితే నాకు తెలియదా?"

"నీ గుల్లల్లో ఏమీ లేదే. మూడంటే మూడు. అదంతా నా తొట్టిలోదే. నా చేత్తో నేనే పెట్టాను."

"మలుపు దాకా వచ్చింది ఆ మాట. విన్నాను." ఇసకమ్మ గుల్లకి అంటిన తారు మట్టి బొటనవేలితో తుడిచింది. తలెత్తకుండానే, "పిల్లకి కూడా అవే పట్టావా?" అని అడిగింది.

తేటమ్మ పగిలినది ఇంకోటి తీసి పక్కన పెట్టింది.

"మూడు నెలలు," అంది. "రోజూ. దానికని ఇంకాస్త ఎక్కువ రాసేదాన్ని."

ఇసకమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆవిడ బుట్ట తన వైపుకి జరుపుకుని, బొబ్బల చేతులకి పని తగ్గేలా, తేటమ్మ ముందున్న గుల్లలు కూడా తనే ఏరడం మొదలుపెట్టింది. లోపల షెడ్డులో ముప్పై ఎనిమిది తొట్ల దగ్గరా పని అందుకున్నారు. గుల్లల మీద పీచు రాస్తున్న చప్పుడు రోడ్డు దాకా వినిపిస్తోంది.